నీళ్లు నిలవని రుమాలు

నేను ఒక రుమాలును. ఆ మాట వినగానే మీ చెయ్యి జేబులోకి పోయుంటుంది. నేను ఆ రకం కాదు. ముక్కు తుడుచుకోవడానికి పుట్టినదాన్ని కాదు, మడిస్తే జేబులో పట్టేదాన్నీ కాదు. నేల మీద పరిస్తే నా మీద ఒక మనిషి బాసింపట్టు వేసుకుని కూర్చోవచ్చు. నేను తలకు చుట్టుకునే రుమాలును. తెలంగాణ పల్లెల్లో రుమాలంటే పెద్దవాళ్లకు ఇప్పటికీ తలే గుర్తొస్తుంది. ముక్కు తుడుచుకునేదాన్ని వాళ్లు దస్తీ అంటారు. కన్నడం మాట్లాడేచోట కూడా రుమాలు నెత్తి మీదిదే. మా సముద్రం పక్క ఊళ్లలోనూ ఒకప్పుడు అంతే. తర్వాత తలలు బోడివయ్యాయి, మా పేరు పెట్టుకున్న చిన్న ముక్కలు జేబుల్లోకి దిగిపోయాయి. పేరు మాత్రం ఎవరూ మార్చలేదు. మనుషులకు అదొక అలవాటు. పని మారుస్తారు, చోటు మారుస్తారు, పేరు పాతదే ఉంచేసి ఏమీ మారలేదనుకుంటారు.

ఇంత చెప్పేది నా గొప్ప కోసం కాదు. నేను ఒక మనిషి తల మీద మూడేళ్లు బతికాను. ఆయన్ని ఎక్కడ, ఎలా వదిలి వచ్చానో ఆయన భార్యకు చెప్పాల్సి ఉండింది. గుడ్డకు నోరు లేదు. ఆవిడ ఇంట్లో కొయ్యకు వేలాడుతూ నాలుగేళ్లు ఆ మాటను మోశాను. ఆవిడకు అది తెలిసిందా లేదా అన్నదే ఈ కథ.

నన్ను తయారు చేసింది ఇద్దరు. చీరాల పక్కన జాండ్రపేటలో ఉండే నాగలింగం, అతని భార్య భద్రమ్మ. మా రకాన్ని తేలియా రుమాలంటారు. తేల్ అంటే నూనె. నేసే ముందు నూలును ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్లలో, నూనెలో ముంచి, పిసికి, ఎండబెట్టాలి. మర్నాడు మళ్లీ ముంచి, మళ్లీ పిసకాలి. ఇరవై ఒక్క రోజులు ఇదే పని. పసిపిల్లకు నలుగు పెట్టినట్టు భద్రమ్మ రోజూ పొద్దున్నే కూర్చుని ఆ నూలును మర్దించేది. ఆ నూనె పోగు లోపలి దాకా దిగుతుంది. అందుకే ఎరుపు మాకు పట్టినంతగా ఇంకెవరికీ పట్టదు. అందుకే ఎండలో మమ్మల్ని చుట్టుకున్న తల చల్లగా ఉంటుంది. వాన చినుకు పడితే జారిపోతుంది గాని లోపలికి ఇంకదు. చేపల వేటకు పోయేవాళ్లు మమ్మల్ని ఇష్టపడింది అందుకే. ఆ సంగతికి నేను చాలా గర్వపడేదాన్ని, ఆ రోజుల్లో.

నూనె పట్టాక ముడులు. ఎక్కడ రంగు ఎక్కకూడదో అక్కడ నూలును దారంతో బిగించి కట్టాలి. అది ఆడవాళ్ల చేతి పని. ఒకరోజు షావుకారు ఒక బొమ్మ కాగితం తెచ్చాడు. గోడ గడియారం బొమ్మ. రంగూనులో జనం గడియారాల రుమాళ్లు, విమానాల రుమాళ్లు అడుగుతున్నారట. "మచ్చుకు ఒక్కటి నేసి చూపించు నాగలింగం. బాగుంటే వంద చెప్తాను," అన్నాడు.

భద్రమ్మ గడియారాన్ని దగ్గరగా చూసింది లేదు. రైలు స్టేషన్లో ఒకసారి దూరం నుంచి చూసింది. పైగా నూలును సగానికి మడిచి ముడి వేస్తారు. ఒక పక్క కడితే రెండో పక్క దానంతటదే వచ్చేస్తుంది. పువ్వుకూ చుక్కకూ ఆ పద్ధతి సరిపోతుంది. చిలకలకూ సరే, ఎదురెదురుగా కూర్చుంటాయి. గడియారం ముళ్లకు సరిపోదు. ఆవిడ చేతి అలవాటు కొద్దీ మడిచి కట్టేసింది. నేసి చూస్తే నా నడుమ గడియారంలో నాలుగు ముళ్లు వచ్చాయి. అటు రెండు, ఇటు రెండు, పైకి లేచి.

"ఇదేమిటే భద్రీ, దీనికి మీసాలు మొలిచాయి!" అన్నాడు నాగలింగం.

"దానికన్నా మొలిచాయిలే. నీకు ఇంకా రానేలేదు," అంది భద్రమ్మ.

షావుకారు మాత్రం నవ్వలేదు. "ఇందులో ఇప్పుడు టైమెంతమ్మా?" అని నన్ను మగ్గం మీదికి విసిరేసి వెళ్లిపోయాడు.

అలా నేను అమ్ముడుపోకుండా మిగిలాను. నాగలింగం నన్ను తలకు చుట్టుకుని వీధిలోకి వెళ్లాడు. "మా ఆవిడ గడియారం. ఇది చూసుకునే నేను భోజనానికి వస్తాను," అని కనిపించినవాడికల్లా చెప్పాడు. నన్ను చూసి అంత సంబరపడినవాళ్లు తర్వాత ఎవరూ లేరు. ఆయన నడినెత్తిన ఒక సుడి ఉండేది, దాని పక్కనే చిన్నప్పుడు మగ్గం బద్ద తగిలిన మచ్చ. ఆలోచనలో పడితే నన్ను వెనక్కి నెట్టేవాడు. కోపం వస్తే ముందుకు లాగేవాడు. కోపం తక్కువ మనిషి కాబట్టి నేను ఎక్కువగా వెనక్కే ఉండేదాన్ని.

ఆ తర్వాత కొన్నాళ్లకు నూలు దొరక్క వీధిలో మగ్గాలు ఆగిపోయాయి. షావుకారుకు రంగూనులో కొట్టు ఉంది. సరుకు చూపించి, మంచీ చెడ్డా చెప్పడానికి ఒక పనివాడు కావాలన్నాడు. నాగలింగం ఒప్పుకున్నాడు. మూటలు మొయ్యడానికి పొరుగింటి పున్నయ్య బయల్దేరాడు. అతను నాగలింగాన్ని అన్నా అని పిలిచేవాడు, నిజం అన్నలాగే చూసేవాడు. రైలు దగ్గరికి భద్రమ్మ కూతురు మాణిక్యాన్ని తీసుకుని వచ్చింది. పిల్లకు అప్పుడు తొమ్మిదేళ్లు.

"రెండేళ్లలో వచ్చేస్తానే," అన్నాడు నాగలింగం.

"ఏ గడియారం ప్రకారం? ఈ స్టేషన్ దాని ప్రకారమా, నీ నెత్తి మీద దాని ప్రకారమా?" అంది. నవ్వుతూనే అంది. రైలు కదిలాక ఆవిడ మొహం ఎలా ఉందో నాకు తెలియదు. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు, చూస్తే దిగిపోతాడని.

రంగూనులో మా కొట్టు ఉన్న వీధిలో అన్ని దేశాల తలలూ తిరిగేవి. నేను నాగలింగం నెత్తి మీద కూర్చుని అన్నిటినీ చూసేదాన్ని. కొట్టులోకి వచ్చినవాళ్లు నాకేసి వేలు చూపించి, అలాంటిది కావాలని ఎవరి మాటలో వాళ్లు అడిగేవాళ్లు. బర్మావాళ్లు ఖౌంగ్‌బౌంగ్ అనేవాళ్లు. ఖౌంగ్ అంటే తల, బౌంగ్ అంటే చుట్టేది. మన తలగుడ్డ లాగే ఉన్నదున్నట్టు చెప్పే మాట. అరబ్బులు అమామా అనేవాళ్లు. మరాఠీవాడు పాగోటే అన్నాడు, అది మన పాగాకు చుట్టమే. ఆఫ్రికా తీరం నుంచి వచ్చిన ఓడవాడు ఒకడు కిలెంబా అన్నాడు. వాళ్ల దేశంలో పని నేర్పిన గురువుకు శిష్యుడు ఇచ్చుకునే కానుకను కూడా కిలెంబా అనే అంటారట. తలగుడ్డ ఇవ్వకుండా ఇంకేదైనా ఇచ్చినా పేరు అదే.

ఈ సంగతులన్నీ విడమరిచి చెప్పింది కొట్టులో ఉత్తరాలు రాసే బందరు మున్షీగారు. ఆయనకు ఏడు భాషలు వచ్చు, ఏడింటిలోనూ అలుపు లేకుండా మాట్లాడేవాడు.

"ఒరే నాగలింగం, నీ నెత్తి మీదున్నది ఫారసీ మాటరా. రూ అంటే మొహం. మాల్ అంటే తుడిచేది. మొహం తుడుచుకోండయ్యా అని ఇస్తే మీవాళ్లు నెత్తికెక్కించుకున్నారు."

"మొహం తుడవడానికి భద్రి పైటకొంగు ఉందండి మున్షీగారూ. కాస్త దూరంగా ఉంది, అంతే."

"దొరలు టర్బన్ అంటారే, అదెక్కడిదనుకున్నావు? దుల్బంద్ అని అదీ ఫారసీదే. తురక దేశం మీదుగా పోయి, వాళ్లకు నోరు తిరగక అలా తేలింది. వాళ్ల తోటల్లో తులిప్ అని పువ్వుంది, అదీ ఈ మాటే. చుట్టిన పాగాలా ఉంటుందని."

పున్నయ్య మూట దించి నడుము పట్టుకున్నాడు. "మున్షీగారూ, మా వైపు టోపీ పెట్టాడంటే మోసం చేశాడని. పాగా వేశాడంటే వచ్చినవాడు ఇక కదలడని. ఇవి ఏ ఫారసీలో ఉన్నాయండీ?"

"అది ఫారసీ కాదురా. అనుభవం," అన్నాడు మున్షీగారు.

ముగ్గురూ పగలబడి నవ్వారు. నాకు మాత్రం ఒక సంగతి తెలిసొచ్చింది. ఏ దేశంలో నన్ను ఏమని పిలిచినా ఆ పిలుపులో మనిషి తలో, మొహమో, చెయ్యో ఉండనే ఉంటుంది. మనిషిని తీసేస్తే నాకు మిగిలేది నాలుగు అంచులు.

నాగలింగానికి చదువు రాదు. నెలకొక ఉత్తరం మున్షీగారి చేత రాయించేవాడు. అక్కడ భద్రమ్మకు బావగారు బసవయ్య చదివి వినిపించేవాడు. ఇద్దరు మగవాళ్ల నోళ్లు దాటి పోవలసిన మాటలు. కాబట్టి ఆ ఉత్తరాల్లో క్షేమమని ఉండేది, పిల్ల జాగ్రత్త అని ఉండేది, ఈ నెల వానలు ఎక్కువని ఉండేది. అసలు మాటలు ఆయన మధ్యాహ్నం కొట్టు వెనక నన్ను తల కింద పెట్టుకుని నాకు చెప్పేవాడు. "మీసాల గడియారమా, అక్కడ ఇప్పుడేం చేస్తూ ఉంటుంది? అన్నం తిని ఉంటుందా? పిల్లకు జడ వేస్తూ ఉంటుందా?" నాకు తెలిసినంతలో సమాధానం చెప్పేదాన్ని. ఆయనకు వినిపించేది కాదు.

రెండేళ్లు దాటాయి. మరో నెలలో బయల్దేరదామనుకుంటున్న డిసెంబరులో యుద్ధం వచ్చి రంగూను మీద బాంబులు పడ్డాయి. కొట్టు కూలిపోయింది. ఓడల్లో మావాళ్లకు చోటు దొరకలేదు. మున్షీగారు "నేను నడవలేనురా, మీరు పొండి," అని అక్కడే ఉండిపోయాడు. వేల మందితో పాటు నాగలింగం, పున్నయ్య కాలినడకన బయల్దేరారు. ప్రోము దాకా ఒక దారి. అక్కడి నుంచి టాంగుప్ రేవుకు కొండల మీదుగా ఇంకో దారి. ఆ కొండల్లో నీళ్లున్న చోటల్లా కలరా ఉంది. దారికి రెండు పక్కలా మనుషులు కూర్చుండిపోయి ఉన్నారు. వాళ్లలో లేచేవాళ్లెవరో, లేవనివాళ్లెవరో చూసి చెప్పడం కష్టం.

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం నాగలింగం ఒక వెదురు పొదకు ఆనుకుని కూర్చున్నాడు. పొద్దుటి నుంచి వాంతులు.

"పున్నయ్యా, నీళ్లురా."

కింద లోయలో వాగు చప్పుడు వినిపిస్తోంది. వాళ్ల చెంబు ప్రోములోనే పోయింది. ఇద్దరి ఒంటి మీదా గోచీలు తప్ప ఇంకో గుడ్డ లేదు, నేను తప్ప. పున్నయ్య నన్ను నాగలింగం తల మీంచి విప్పాడు. "దీన్ని తడిపి తెస్తాను, అన్నా. నోట్లో పిండుతాను. కదలకు."

నా స్థానంలో మామూలు నూలుగుడ్డ ఏదున్నా గుక్కెడు నీళ్లు మోసుకొచ్చేది. పున్నయ్య నన్ను వాగులో ముంచాడు, కాలితో తొక్కాడు, రాయి మీద పిసికాడు. నేను నానాలని చూశాను. నా ఒంట్లో నూనె ఒప్పుకోలేదు. మూడేళ్ల చెమటకూ వానకూ పోని నూనె. అంత బాగా పట్టించింది భద్రమ్మ. అతను నన్ను పట్టుకుని ఆ నిటారు దారి ఎక్కేసరికి నాలో తడి మాత్రం మిగిలింది. బలమంతా పెట్టి పిండితే రెండు చుక్కలు నాగలింగం పెదాల మీద పడ్డాయి.

"ఇంకా," అన్నాడు.

పున్నయ్య మళ్లీ దిగాడు. ఈసారి వాగు ఒడ్డున ఒక గుంపు పరుగులాంటి నడకతో పోతోంది. రేవులో ఆఖరి పడవ అని, సాయంత్రం దాటితే ఇక లేదని అరుస్తున్నారు. పున్నయ్య నన్ను నీళ్లలో పెట్టి పట్టుకుని పైకి చూశాడు. వెదురు పొద కనిపిస్తోంది. మనిషి కనిపించడం లేదు. చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు. తర్వాత నన్ను తన తలకు చుట్టుకుని ఆ గుంపులో కలిసిపోయాడు. నా కొసల నుంచి నీళ్లు అతని మెడ మీదికి కారుతూనే ఉన్నాయి. పైకి తీసుకుపోలేకపోయిన నీళ్లు. అతను ఏడుస్తున్నాడో ఆ నీళ్లేనో వెనక నడిచేవాళ్లకు తెలియదు. నాకు తెలుసు.

మే నెల ఎండలో పున్నయ్య జాండ్రపేట చేరాడు. మొదట భద్రమ్మ చూసింది అతన్ని కాదు, నన్ను. వీధి చివర నాలుగు ముళ్ల గడియారం కనిపించగానే చేతిలో చేట పడేసి పరుగెత్తుకొచ్చింది. దగ్గరికి వచ్చాక నా కింద ఉన్న మొహం చూసి ఆగిపోయింది.

"అన్న వెనక వస్తానన్నాడొదినా," అన్నాడు పున్నయ్య, ఆవిడ అడగకముందే. "కాస్త జ్వరంగా ఉంది, తగ్గాక వస్తానన్నాడు. నాకు ఎండ కొడుతోందని దీన్ని నా తలకు చుట్టి పంపాడు. నేను కొండ దిగుతుంటే నిలబడి చెయ్యి ఊపాడు."

భద్రమ్మ నన్ను తీసుకుని వాసన చూసింది. నా మీద అప్పటికి రెండు తలల వాసన ఉంది. ఆవిడ ఒక్కటే ఏరుకుంది. నన్ను ఉతకలేదు. మగ్గం పక్కన కొయ్యకు తగిలించింది.

నాలుగేళ్లు. యుద్ధం ముగిసింది. రంగూను వెళ్లినవాళ్లలో వచ్చేవాళ్లు వచ్చారు. పున్నయ్య భద్రమ్మ ఇంటికి నీళ్లు మోశాడు, కట్టెలు కొట్టాడు, మాణిక్యానికి జ్వరమొస్తే చీరాల ఆసుపత్రికి ఎత్తుకెళ్లాడు. ఇంట్లోకి మాత్రం వచ్చేవాడు కాదు. వాకిట్లోనే నిలబడేవాడు, నా వైపు చూడకుండా. భద్రమ్మ అతన్ని ఒక్క ప్రశ్న వెయ్యలేదు.

బసవయ్య చెడ్డవాడు కాదు. ప్రతి మహాలయ అమావాస్యకూ వచ్చి గుమ్మంలో కూర్చునేవాడు.

"భద్రమ్మా, బతికుంటే ఒక కార్డుముక్కన్నా రాదా? పోయినవాడైతే నీళ్లు వదిలేవాడు లేక దాహంతో తిరుగుతుంటాడమ్మా. అన్నను, నేను కదా చెయ్యాలి."

"వస్తానన్నాడు కదా బావగారూ. వచ్చాక ఆయన్నే అడగండి, దాహం వేసిందేమో," అనేది ఆవిడ, నూలు కండెలు చుడుతూ.

ఇంతలో మాణిక్యానికి పేరాలలో సంబంధం కుదిరింది. కట్నాల గొడవ లేని మంచి కుర్రవాడు, సొంత మగ్గం ఉంది. అంతా సంతోషమే. పీటల మీద ఎవరు కూర్చోవాలన్న దగ్గర చిక్కు వచ్చింది. బసవయ్య తానూ తన భార్యా కూర్చుని కన్యాదానం చేస్తామన్నాడు. భద్రమ్మ ఒప్పుకోలేదు. తానే కూర్చుంటానంది. పక్క పీట మీద నేను ఉండాలంది.

బస్సు కిటికీలోంచి చేతిరుమాలు విసిరి సీటు ఆపుకోవడం మీకు తెలుసు కదా. రుమాలు పడితే ఆ చోటు మనిషిది, మనిషి ఎక్కకపోయినా సరే. మా వీధి ఆచారం కూడా అలాంటిదే. ఆ వీధి మగవాళ్లు సరుకు అమ్ముకోవడానికి నెలల తరబడి దేశాలు తిరిగేవాళ్లు. శుభకార్యానికి మనిషి అందకపోతే అతని తలగుడ్డను పీట మీద పెట్టి జరిపించేవాళ్లు. అయితే ఒక్క షరతు. ఆ మనిషి బతికి ఉండాలి.

ఎదురింటి రాజమ్మ మొదలుపెట్టింది. "చోద్యం కాకపోతే, గుడ్డకు పెళ్లిపీటేమిటమ్మా!"

"మీ ఆయన పీట మీద కూర్చున్నా గుడ్డలాగే ఉంటాడు కదే రాజమ్మా. ఎవరన్నా కాదన్నారా?" అంది భద్రమ్మ. ఆడవాళ్లంతా కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ నవ్వులో భద్రమ్మ కలవలేదు. అందరూ వెళ్లాక మగ్గం దగ్గర కూర్చుని నాతో అంది: "పిల్ల పెళ్లికి నువ్వుండాలి. ఆ ఒక్క పూట ఉండు చాలు. ఇంకేం అడగను." ఆ మాట నాతో కాదని నాకు తెలుసు.

పెళ్లికి ముందు రోజు పెద్దలు కూర్చున్నారు. బసవయ్యే దారి చెప్పాడు. "ఆఖరుసారి చూసినవాడు పున్నయ్య. ఆ రుమాలు మీద చెయ్యి వేసి, తన కళ్లతో బతికి ఉండగా చూశానని చెప్పమనండి. చెప్తే నేను ఇంక మాట్లాడను." తలగుడ్డ మీద చెయ్యి వేసి అబద్ధం చెప్పినవాడు మా వీధిలో అంతవరకు లేడు.

నన్ను తెచ్చి చాప మీద పెట్టారు. పున్నయ్య వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. అతని అరచెయ్యి సరిగ్గా గడియారం మీద పడింది. చల్లగా ఉంది, వాగులో నన్ను ముంచిన రోజులాగా.

"చెప్పరా," అన్నాడు బసవయ్య.

"నేను వచ్చేటప్పటికి మా అన్న బతికే ఉన్నాడు," అన్నాడు పున్నయ్య. మళ్లీ అన్నాడు. "బతికే ఉన్నాడు. వెదురు పొద దగ్గర కూర్చుని ఉన్నాడు."

పెద్దలు తలలూపారు. ఎవరో తమలపాకులు అందుకున్నారు. అతను చెప్పినదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. నిజం కింద అంతగా నలిగిపోయిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. భద్రమ్మ తలుపు పక్కన నిలబడి వింది. పొంగిపోవలసిన మనిషి, కదలకుండా పున్నయ్యనే చూసింది.

మర్నాడు నేను పీట మీద కూర్చున్నాను. నన్ను చక్కగా మడిచి, బొట్టు పెట్టి, తాంబూలం ముందు పెట్టారు. భద్రమ్మ ఎర్రంచు పసుపు చీర కట్టుకుని నా పక్కన కూర్చుంది. ధార పోసే వేళ మగవాడి చెయ్యి ఉండవలసిన చోట నా కొసను పట్టుకుంది. పిల్ల చెయ్యి పెళ్లికొడుకు చేతిలో పెట్టి నీళ్లు వదిలారు. మాణిక్యం తల వంచుకునే నా కేసి ఒకసారి చూసి, "నాన్నా, వెళ్లొస్తా," అని పెదాలతో అంది. పురోహితుడు కూడా ఒక క్షణం మంత్రం మర్చిపోయాడు.

భోజనాలయ్యాయి. బంధువులు చెట్ల నీడన నడుం వాల్చారు. పున్నయ్య పెరట్లో ఒక్కడే కూర్చుని అన్నం గుండిగలు తోముతున్నాడు. భద్రమ్మ నన్ను భుజాన వేసుకుని వచ్చి గట్టు మీద కూర్చుంది.

"పున్నయ్యా, నాలుగేళ్లుగా నిలబడి చెయ్యి ఊపాడన్నావు. నిన్న చెయ్యి వేసినప్పుడు కూర్చున్నాడన్నావు."

అతని చేతిలో పీచు ఆగిపోయింది.

"నీళ్లు అడిగాడా?"

పున్నయ్య తల ఎత్తాడు. "అడిగాడొదినా."

"ఇచ్చావా?"

"రెండు చుక్కలు. దీంట్లో నిలవలేదొదినా. మళ్లీ దిగాను. దిగినవాణ్ణి ఎక్కలేదు."

భద్రమ్మ నన్ను ఒళ్లో పెట్టుకుని అంచు వెంట వేళ్లు పోనిచ్చింది. నాలుగేళ్లుగా మోసిన మాట నా మీంచి దిగిపోయింది. తేలికపడతాననుకున్నాను. పడలేదు.

"నిలవవు," అంది ఆవిడ. "నూనె నేనే పట్టించాను. ఇరవై ఒక్క రోజులు."

"నన్ను కొట్టొదినా. అందరిలో కొట్టు."

"నిన్ను కొడితే ఆయనకు గొంతు తడుస్తుందా?" అంది. "నేను అడగలేదు పున్నయ్యా. అడిగితే చెప్తావని తెలుసు. నువ్వు చెప్తే నేను వినాలి. పిల్ల పెళ్లి దాకా వినకూడదనుకున్నాను," అంది. అప్పుడు ఏడ్చింది. పెళ్లి ఇల్లు కాబట్టి చప్పుడు కాకుండా ఏడ్చింది. పున్నయ్య గుండిగ మీద తల పెట్టుకున్నాడు.

సాయంత్రం పిల్లను సాగనంపాక ఆవిడే బసవయ్య దగ్గరికి వెళ్లింది.

"బావగారూ, పదహారు రోజుల పండగ కానివ్వండి. ఆ తర్వాత మీ తమ్ముడికి నీళ్లు వదలండి."

బసవయ్య చేతిలో చుట్ట పక్కన పెట్టాడు. "కబురేమైనా వచ్చిందా అమ్మా?"

"వచ్చింది. దాహంగా ఉన్నాడట. నాలుగేళ్లు ఓర్చుకున్నాడు, ఇంకో పదహారు రోజులు ఓర్చుకుంటాడు. పిల్ల కోసమే కదా."

పెద్దాయన కండువాతో మొహం కప్పుకున్నాడు. నాలుగేళ్లుగా ఆవిడను ఒప్పించాలని చూసినవాడు, ఒప్పుకునేసరికి చిన్నపిల్లవాడిలా "వాడు లేడా, వాడు లేడా" అని అడుగుతూ కూర్చున్నాడు.

పదిహేడో రోజు పొద్దున భద్రమ్మ మొహం కడుక్కుని బొట్టు పెట్టుకోలేదు. అంతే. ఆ బొట్టు ఎవరూ చెరపలేదు, గాజులు ఎవరూ పగలగొట్టలేదు. ఆవిడే తీసి మగ్గం గూట్లో పెట్టుకుంది. నన్ను కొయ్య మీంచి తీసి చేత్తో పట్టుకుంది. ఆవిడ, బసవయ్య, పున్నయ్య ముగ్గురూ సముద్రం దాకా నడిచారు. అక్కడి నుంచి రంగూను ఎటువైపో పున్నయ్య చూపించాడు. బసవయ్య నడుం లోతు నీళ్లలో నిలబడి నువ్వులు కలిపిన నీళ్లు మూడు దోసిళ్లు వదిలాడు.

"పున్నయ్య చేత కూడా పోయించండి," అంది భద్రమ్మ.

"వాడు మనకేమవుతాడమ్మా? వాడికి అధికారం లేదు."

"అధికారం లేదు. బాకీ ఉంది."

బసవయ్య ఇద్దరి మొహాలూ చూశాడు. పక్కకు జరిగి చోటిచ్చాడు. పున్నయ్య మూడు దోసిళ్లతో ఆగలేదు. పోస్తూనే ఉన్నాడు. "అన్నా, తాగు," అంటూ పోశాడు. కాసేపటికి బసవయ్యే భుజం పట్టుకుని ఒడ్డుకు తీసుకొచ్చాడు.

నాకు ఆ సుడి, ఆ మచ్చ, నన్ను వెనక్కి నెట్టే ఆ చెయ్యి కావాలని ఉంది. ఇప్పటికీ ఉంది. ఇన్ని భాషల్లో ఇన్ని పేర్లున్నాయి నాకు. ఆ ఒక్క తల లేకపోవడానికి మాత్రం ఏ భాషలోనూ పేరు వినలేదు. భద్రమ్మకూ అలాగే ఉండి ఉంటుంది. ఆవిడ ఇసుకలో నిలబడి ఆ నీళ్లను చాలాసేపు చూసింది. తిరుగుదారి మూడు మైళ్లు. ఎండ నడినెత్తికి వచ్చింది. ఆవిడ నన్ను దులిపి, మడత విప్పి, తన తలకు చుట్టుకుంది.

ఆడమనిషి, అందులోనూ ఆ పొద్దున్నే బొట్టు తీసిన మనిషి, మొగుడి రుమాలు చుట్టుకుని పెద్ద దారిన నడిచింది. ఎదురొచ్చిన చేపలబుట్టల ఆడవాళ్లు ఆగి చూశారు. ముందు నడుస్తున్న బసవయ్య వెనక్కి తిరిగాడు. నన్ను చూశాడు, నా కింద ఉన్న మొహాన్ని చూశాడు. ఏమంటాడోనని పున్నయ్య అక్కడే ఆగాడు.

"ఎండ ఎక్కువగా ఉందమ్మా," అన్నాడు బసవయ్య. "కాస్త ముందుకు లాక్కో."